ఏడు రేణువుల బంగారం, పద్నాలుగు కిలోల మేకులు

మెటల్ డిటెక్టర్ పట్టుకుని నేలలో బంగారం వెతకడం నా కొత్త సరదా. నా లెక్కల పుస్తకంలో మొదటి రోజు పద్దు ఇలా ఉంది. తవ్విన గోతులు 31. వాటిలో మేకులు 19, తుప్పు రేకుముక్కలు 6, సీసపు గుళ్ళు 3, తీగముక్క 1, ఏమిటో తేలనిది 1, నా సొంత బూటు 1. బంగారం గడిలో అడ్డగీత.

బూటు సంగతి ముందే చెప్పేస్తే మీకొక గొయ్యి మిగులుతుంది. పాముల భయంతో, ముందు కొనలో ఇనుప తొడుగున్న బూట్లు వేసుకుని వెళ్ళాను. డిటెక్టర్ కాయిల్, అంటే కర్ర చివర నేల మీద ఊపే చుట్ట, ఎడమవైపు వచ్చినప్పుడల్లా చెవిలో చక్కగా పాడుతోంది. నేనొక అడుగు జరిగితే బంగారమూ ఒక అడుగు జరుగుతోంది. నడిచే బంగారాన్ని ఇరవై నిమిషాలు తరిమి, ఒకచోట మోచేతి లోతు తవ్వాక మా తమ్ముడు వచ్చి చూశాడు. "అక్కా, ఆ కాలు కాస్త వెనక్కి తీసి ఊపు" అన్నాడు. తీశాను. చెవిలో చీమ చిటుక్కుమంటే ఒట్టు.

ముప్పై ఏళ్ళు ఎవరివో జమాఖర్చులు రాసి రిటైరైనదాన్ని. ఏ పని చేసినా కింద గీత గీసి కూడకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ సరదాలోనూ గొయ్యి గొయ్యికీ పద్దు రాశాను. మొదటి ఏడాది కూడితే తేలినవి ఇవి: 46 రోజులు, 1,870 గోతులు, బంగారు రేణువులు 7, వాటన్నిటి ఎత్తు 3.4 గ్రాములు. ఇనుము 14 కిలోలు. సగటున 267 గోతులకు ఒక రేణువు. కొండను తవ్వి ఎలుకను పట్టారని నవ్వేవాళ్ళుంటారు. ఎలుకే నయం, అది ఎక్కడుందో కన్నం చూస్తే తెలుస్తుంది. ఆ 267 అనే అంకె మీకు మింగుడుపడితేనే ముందుకు చదవండి. పడకపోతే డిటెక్టర్ కొనే డబ్బుతో నేరుగా బంగారమే కొనుక్కోండి, లాభం.

పెద్ద ముద్దల కథలు మీరూ వినే ఉంటారు. అవి అబద్ధాలేమీ కావు. 1980లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో కింగోవర్ దగ్గర ఒకాయన డిటెక్టర్ ఊపుతుంటే 27 కిలోల ముద్ద దొరికింది. భూమిలో అడుగు లోతున, నిలువుగా నిలబడి ఉందది. 1989లో మెక్సికోలోని సొనోరా ఎడారిలో దొరికిన 12 కిలోల ముద్దకు, దాని ఆకారాన్ని బట్టి, మెక్సికోను జయించిన స్పెయిన్ సేనాని పేరు కలిపి, కోర్టెజ్ బూటు అని పేరు పెట్టారు. బూటు దొరకడంలో నేనూ అది దొరికినాయనకు తీసిపోలేదు. ఇక డిటెక్టర్లు లేని కాలంలో, 1869లో, విక్టోరియాలోనే మొలియాగుల్ దగ్గర దొరికిన వెల్కమ్ స్ట్రేంజర్ అయితే సుమారు 72 కిలోలు. అంగుళం లోతున, చెట్టు వేళ్ళ మధ్య ఉంది. అంత బరువు తూచే త్రాసు అక్కడ లేక, కమ్మరి దాగలి మీద పెట్టి ముక్కలు కొట్టాల్సి వచ్చింది. మీకా ఇబ్బంది రాదని నేను హామీ ఇస్తాను. మీరు కొనాల్సింది గ్రాములో వందో వంతు చూపించే చిన్న త్రాసు.

యంత్రం ఏం వింటుంది

డిటెక్టర్‌కు బంగారమంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది లోహం ఒక్కటే. కాయిల్‌లోంచి వెళ్ళే అయస్కాంత క్షేత్రం నేలలోని లోహంలో చిన్న విద్యుత్ సుడులు పుట్టిస్తుంది. ఆ సుడులు తిరిగి పుట్టించే క్షేత్రాన్ని యంత్రం పట్టుకుని శబ్దంగా మారుస్తుంది. అది మేకైనా, ముక్కుపుడకైనా, పక్కింటివాళ్ళ పాత తాళంచెవైనా దానికి ఒకటే సంబరం.

ఈ విషయంలో మోసపోవడానికి సిగ్గుపడక్కర్లేదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో దిగిన గుండు ఎక్కడుందో తెలుసుకోవడానికి టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహమ్ బెల్ స్వయంగా ఇలాంటి పరికరమే తయారుచేసి తెచ్చాడు. పరుపులో ఉన్న ఉక్కు స్ప్రింగులు దాన్ని తికమక పెట్టాయి. గుండు దొరకలేదు, అధ్యక్షుడు బతకలేదు. అంతటివాణ్ణి పరుపు మోసం చేసింది, నన్ను బూటు చేసింది.

బంగారం కోసం వాడేవి ప్రధానంగా రెండు రకాలు. వీఎల్‌ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ) రకం తెరిపి లేకుండా తరంగాన్ని పంపుతూ, వెనక్కి వచ్చేదానిలో తేడా వింటుంది. చిన్న రేణువుల కోసం చేసినవాటిలో ఫ్రీక్వెన్సీ ఎక్కువ పెడతారు. మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 45 కిలోహెర్ట్జ్‌లో, ఫిషర్ గోల్డ్ బగ్ 2 ఏకంగా 71లో పనిచేస్తాయి. బియ్యపుగింజలో సగమున్నా పలుకుతుంది, కానీ లోతుకు పోదు. నేలలో ఇనుప ఖనిజం ఎక్కువుంటే పిల్లల బడి వదిలినప్పటి గోల. పల్స్ ఇండక్షన్ అనే రెండో రకం ఒక్క దెబ్బ కొట్టి ఆపేస్తుంది, ఆ తర్వాత నేలలో ఏది ఎంతసేపు మోగుతోందో మైక్రోసెకన్ల లెక్కన వింటుంది. గంట కొట్టి, ఊరుకుని, చెవి ఒగ్గినట్టు. ఇనుపమట్టి ఉన్న ఎర్రనేలల్లో ఇదే మేలు. లోతూ ఎక్కువే. ధరా ఎక్కువే, భుజం నొప్పీ ఎక్కువే. ఇనుముకూ బంగారానికీ తేడా చెప్పడంలో మాత్రం ఇది బొత్తిగా నమ్మరానిది.

నా మాట వింటే మొదట వీఎల్‌ఎఫ్ పట్టుకోండి, అదీ వాడినదైతే మరీ మంచిది. మా తమ్ముడు నా మాట వినలేదు. వాడి పల్స్ యంత్రం, దాని బ్యాటరీ, దాన్ని వీపుకు కట్టుకునే పట్టీలు అన్నీ కలిపి చూస్తే వాడు అంతరిక్షానికి బయల్దేరినట్టుంటాడు. మొదటి ఏడు రేణువుల్లో వాడివి రెండు. ఇది పుస్తకంలో ఉంది, వాడు కాదనలేడు.

యంత్రం మీద డిస్క్రిమినేషన్ అని ఒక బటన్ ఉంటుంది. ఇనుము వద్దు, రేకు వద్దు అని నొక్కేస్తే చెవులకు ఎంత హాయో చెప్పలేను. ఆ హాయి మీద నాకు మూడు వారాలు ఖర్చయ్యాయి. చిన్న బంగారు రేణువు, అల్యూమినియం రేకుముక్క, డబ్బా మూత చెవి, ఇవన్నీ యంత్రం చెవికి ఒకే గొంతుతో పలుకుతాయి. రేకు వద్దంటే బంగారం వద్దన్నట్టే. ఇనుపమట్టిలో ఉన్న చిన్న రేణువు ఒక్కోసారి ఇనుములాగే పలుకుతుంది కూడా. అందుకే ఈ పని తెలిసినవాళ్ళు ఆ బటన్ జోలికి పోకుండా పలికినదల్లా తవ్వుతారు. ఆ పద్నాలుగు కిలోలు అలా వచ్చినవే.

ఇంట్లో చేయాల్సిన సాధన

నేరుగా అడవికి పోవద్దు. గాలానికి కట్టే సీసపు గుళ్ళు తీసుకోండి. సుత్తితో కాస్త చదును చేసి, ఒక్కోదాన్ని ప్లాస్టిక్ బిళ్ళకు టేపుతో అంటించండి. సీసం పలికే తీరు చిన్న బంగారానికి బాగా దగ్గర. ఆ బిళ్ళలను రెండంగుళాల లోతున ఒకటి, మూడంగుళాల్లో ఒకటి, నాలుగంగుళాల్లో ఒకటి పాతిపెట్టి, పైన ఊపి వినండి. ఒకటికి పదిసార్లు వినండి. పాతిన చోట్లు కాగితం మీద గీసి పెట్టుకోండి. నేను గీయలేదు. నాలుగో అంగుళం బిళ్ళ ఇప్పటికీ పెరట్లోనే ఉంది, పుస్తకంలో బాకీ కింద.

ముందు గ్రౌండ్ బ్యాలెన్స్ చేయాలి, అంటే నేలలోని ఖనిజాల గోలను యంత్రం పట్టించుకోకుండా సర్దడం. శుభ్రమైన చోట కాయిల్‌ను నేలకు ఆనించినంత దగ్గర పెట్టి, మోకాలెత్తుకు లేపి, మళ్ళీ దించి, శబ్దం పెరగకుండా తరగకుండా ఒకే తీరుగా వచ్చేదాకా సర్దాలి. కొన్ని యంత్రాలు ఆ పని అవే చేసుకుంటాయి. అయినా నేల రంగు మారిన ప్రతిచోటా ఒకసారి సరిచూసుకోండి. తర్వాత థ్రెషోల్డ్: ఖాళీగా ఉన్నప్పుడు కూడా వినిపించే సన్నటి రొద. దోమ చెవి దగ్గరున్నప్పటికంటే చిన్నగా పెట్టుకోవాలి. నాలుగంగుళాల్లో ఉన్న రేణువు కూతపెట్టి పిలవదు. ఆ రొద ఒక్క క్షణం వణుకుతుంది, లేదా మింగుడుపడనట్టు ఆగుతుంది. అంతే. నేను మొదట్లో కూతల కోసం ఎదురుచూశాను. కూతపెట్టేవన్నీ మేకులే.

ఎక్కడ వెతకాలి

బంగారం ముందు దొరికిన చోటే మళ్ళీ దొరుకుతుంది. పాత పనులు జరిగిన నేల, తవ్విపోసిన రాళ్ళ కుప్పలు, పలుగురాయి ముక్కలు చెల్లాచెదురుగా పడి ఉన్న వాలు, వాగు మలుపు తిరిగే చోట లోపలి ఒడ్డు, రాతిపరుపు బయటపడి పగుళ్ళిచ్చిన చోటు. కారణం బరువే. ఒక ఘన సెంటీమీటరు బంగారం 19.3 గ్రాములు తూగుతుంది, పలుగురాయి 2.65 మాత్రమే. వానకు రాయీ మట్టీ కొట్టుకుపోతే బంగారం ఉన్నచోటే కిందికి దిగి, ఏదో పగులులో ఇరుక్కుని కూర్చుంటుంది. వరదలో కొట్టుకొచ్చినప్పుడు నీటి జోరు తగ్గిన తొలిచోటే బరువు దించేస్తుంది.

దానికంటే ముందు అనుమతి. నేల ఎవరిది, కింద ఉన్న ఖనిజం ఎవరిది అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. చాలాచోట్ల రెండింటికీ జవాబు ఒకటే మనిషి కాదు. విక్టోరియాలో అయితే మైనర్స్ రైట్ అనే అనుమతి తీసుకుంటే సరదాకి వెతుక్కోవచ్చు, అదీ అనుమతించిన నేలల్లోనే. మీరున్న చోట అసలు వీలుంటుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకుని వెళ్ళండి. పురాతన కట్టడాలు, రక్షిత వనాలు, ఒకప్పుడు సైన్యం తుపాకులు పేల్చుకున్న మైదానాలు, ఈ మూడింటి దరిదాపులకు పోవద్దు. మొదటి రెండు చోట్ల కేసు, మూడో చోట పేలని గుండు.

ఊపడం, తవ్వడం

కాయిల్ నేలకు సమాంతరంగా, అంగుళం ఎత్తున, నెమ్మదిగా కదలాలి. ఊపు చివర్లో చేయి పైకి లేవకూడదు. కొత్తవాళ్ళందరూ లోలకంలా ఊపుతారు, రెండు కొసల్లోనూ కాయిల్ గాల్లో ఉంటుంది, అక్కడి బంగారం బతికిపోతుంది. ఒక ఊపు మీద సగం పడేలా ఇంకో ఊపు. తమ్ముడు ఎకరం తిరిగే లోపు నేను గదంత నేల పూర్తి చేస్తాను. కొందరు పొడుగాటి గొలుసు ఈడ్చుకుంటూ నడుస్తారు, మట్టిలో పడిన గీతను బట్టి ఎక్కడిదాకా చూశారో తెలుస్తుంది. నేను ముగ్గు వేసినట్టు కాలితో గీతలు గీస్తాను.

పలికితే అడ్డంగా ఊపండి, తొంభై డిగ్రీలు తిరిగి మళ్ళీ ఊపండి. రెండు వైపులా ఒకచోటే పలికితే అక్కడ గుర్తు పెట్టండి. పైపొరను బూటుతో గీకి మళ్ళీ వినండి. సగం సార్లు ఆ గీకుడుతోనే శబ్దం పక్కకు జరిగిపోతుంది, అంటే అది పైనున్న చెత్త. జరగకుండా గట్టిగా అయితే మాత్రం గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పుడే పలుగు చేతికి తీసుకుని దబదబా తవ్వాలనిపిస్తుంది. ఆగండి. బంగారం మెత్తన. నా రెండో రేణువు మీద పలుగు గాటు ఇప్పటికీ ఉంది. దూరం నుంచి మొదలుపెట్టి లోపలికి రావాలి.

మట్టి బయట పడ్డాక గోతిలో పలుకుతోందా, కుప్పలో పలుకుతోందా చూసుకోవాలి. కుప్పలో అయితే ప్లాస్టిక్ గరిటెతో కొంత తీసుకుని కాయిల్ ముందు ఆడించండి. పలికితే సగం పారబోయండి, మళ్ళీ ఆడించండి. పలికిన సగాన్ని ఉంచుకుంటూ, పలకనిదాన్ని వదిలేస్తూ పోతే ఏడెనిమిది సార్లలో అరచేతిలో చిటికెడు మట్టి మిగులుతుంది. ఈ దశలో చేతికి ఉంగరం ఉండకూడదు. మా తమ్ముడు ఒకసారి ఎడమచేతి మట్టి పలుకుతోందని కుడిచేతిలోది పారబోశాడు, ఎడమచేతి మట్టిని సగాలు సగాలు చేస్తూ చివరికి ఖాళీ అరచేతిని ఆడించినా పలుకుతూనే ఉంది. "అక్కా, బంగారం నా చర్మంలోకి ఇంకిపోయినట్టుంది" అన్నాడు నిజంగానే కంగారుపడుతూ. ఒరేయ్, అది నీ పెళ్ళి ఉంగరంరా అని చెప్పడానికి నవ్వు ఆగితే కదా.

పలుగు పిడికి ఒక గట్టి సూదంటురాయి అమర్చుకోండి. మట్టిలో తిప్పితే మేకులు వాటంతటవే వచ్చి అతుక్కుంటాయి. నా అనుభవంలో ఐదు గోతుల్లో నాలుగు దీంతోనే తేలిపోతాయి. కొన్ని రాళ్ళు కూడా పలుకుతాయి, ఇనుపరాయి ముక్కలు. వాటిని పక్కన పెట్టి, మిగతా గొయ్యిని మళ్ళీ వినండి. రాయి కింద రేణువు ఉన్న రోజు ఒకటి నాకు వచ్చింది. రాయిని చూసి విసుక్కుని లేచిపోయిన రోజులు ఎన్నో లెక్క లేదు.

పాత బూట్ల అడుగున కొట్టే చిన్న మేకులది మరో కథ. లోతు, గొంతు, పరిమాణం అన్నీ బంగారానివే. పాత గనుల నేల మీద వందేళ్ళ కిందట తిరిగిన మనుషుల బూట్లన్నీ నేను మేకు మేకుగా ఏరుతున్నానని ఒక్కోసారి అనిపిస్తుంది.

తవ్వినది మేకైనా ముత్యమైనా గొయ్యి పూడ్చాలి. పశువు కాలు విరిగిందంటే ఆ నేలలోకి మిమ్మల్నే కాదు, మీ తర్వాత ఎవర్నీ రానివ్వరు. చెత్తను మళ్ళీ గోతిలో వేయకండి. వచ్చేవారం దాన్నే తవ్వేది మీరే.

ప్రాణం మీదికి వచ్చేవి

ఇక్కడ నవ్వులు తగ్గిస్తాను.

పాత బంగారం ఉన్నచోట పాత బావులుంటాయి. గని కోసం నిలువుగా తవ్వి, పని అయ్యాక వదిలేసినవి. కొన్నింటి మీద దుంగలు పరిచి మట్టి కప్పారు, ఆ దుంగలు ఎప్పుడో పుచ్చిపోయాయి. మా తమ్ముడు తల వంచుకుని ఊపుకుంటూ పోతున్నాడు, చెవులకు హెడ్‌ఫోన్స్, నేను అరిచినా వినిపించదు. వాడి ముందు గుండ్రంగా మట్టిదిబ్బ, మధ్యలో ఎండుకొమ్మల గుట్ట. నేను గరిటె విసిరితే వీపుకు తగిలి తిరిగాడు. కొమ్మల సందులోంచి రాయి వేస్తే కిందపడిన చప్పుడు వినడానికి కాస్త ఆగాల్సి వచ్చింది. అప్పటి నుంచి మా నియమం: గుండ్రటి దిబ్బ కనిపిస్తే మధ్యలో బావి ఉన్నట్టే లెక్క. కప్పు ఉన్నా కాలు పెట్టొద్దు. అంచుకు కూడా పోవద్దు, కింద మట్టి కోసుకుపోయి ఉంటుంది, మీరు నిలబడేది నేల మీద కాదు, చూరు మీద. వెనక్కి నడవొద్దు, ఫోటో కోసమైనా సరే. అడ్డంగా పోయే సొరంగాల్లోకి తొంగి కూడా చూడొద్దు. లోపల ప్రాణవాయువు లేని గాలి నిలిచి ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. ఒకరు పడిపోతే రెండోవాళ్ళు కాపాడాలని వెళ్ళి వాళ్ళూ పడిపోతారు.

పాములు. నా యంత్రం కాయిల్ తీగ ఊడి కాలి మీద పడితే నేను వేసిన గంతు గురించి తమ్ముడు ఇప్పటికీ చెప్పుకుంటాడు. తాడును చూసి పామనుకోవడం పెద్దల కాలం నుంచీ ఉన్నదే. అసలు ప్రమాదం పామును చూసి తాడనుకోవడం. హెడ్‌ఫోన్స్ ఒక చెవికే పెట్టుకోండి, ఆకుల చప్పుడు వినాలి. మోకాలి దాకా మందపాటి తొడుగులు కట్టుకోండి. దుంగను చేత్తో కాదు, పలుగుతో మీవైపు ఎత్తండి, అప్పుడు దుంగ మీకూ పాముకూ మధ్య ఉంటుంది. కాటేస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం, ఏవీ చేయొద్దు. ఉంగరాలూ గడియారమూ తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేర్చాలి. పామును చంపి వెంట తీసుకెళ్ళాలని చూస్తే ఇంకొకరికీ కాటు పడుతుంది.

ఎండ అన్నిటికంటే నెమ్మదైన శత్రువు. ఇంకొక్క గొయ్యి, ఇంకొక్క గొయ్యి అనుకుంటూ నీళ్ళు మరిచిపోతాం. దాహం వేశాక తాగడం కాదు, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగుతూనే ఉండాలి. పక్కనున్న మనిషి తడబడి మాట్లాడుతున్నా, పొంతన లేకుండా జవాబిస్తున్నా వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, విసరండి, సాయానికి ఫోన్ చేయండి. మా తమ్ముడి విషయంలో పొంతన లేని జవాబు ఒక్కటే గుర్తుగా పనికిరాదు కాబట్టి నేను మిగతావీ చూస్తాను.

దారి తప్పడం చాలా తేలిక. రోజంతా చూపు నేల మీదే. తలెత్తేసరికి నాలుగు దిక్కుల్లోనూ ఒకటే చెట్టు. బండి ఆపిన చోటును జీపీఎస్‌లో గుర్తు పెట్టాకే యంత్రం తీయండి. ఫోన్ అందని చోటైతే ఉపగ్రహానికి సంకేతమిచ్చే బీకన్ ఉండాలి. ఎక్కడికి పోతున్నామో, ఎన్నింటికి తిరిగొస్తామో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి, చెప్పిన చోటికే వెళ్ళండి.

హెడ్‌ఫోన్స్‌లో ఉన్నట్టుండి చిటపటలు మొదలైతే పైకి చూడండి. కరెంటు తీగలు లేకపోతే, ఉరుములు ఇంకా మీ చెవిన పడని ఉరుముల మబ్బు కావచ్చు. యంత్రం మీకంటే ముందు వింటుంది. చేతిలో పొడుగాటి కడ్డీతో బయలు నేల మీద నిలబడే వేళ కాదది.

తవ్వగా పెన్సిల్ ముక్కంత రాగి లేదా అల్యూమినియం గొట్టం కనబడితే, ఒకవైపు మూసి, మరోవైపు తీగలో వత్తో ఉంటే, అది గనుల్లో మందుగుండు పేల్చడానికి వాడే డిటొనేటర్, పాతది, కావచ్చు. చేతిలోకి తీసుకోవద్దు, గీకి చూడొద్దు. గుర్తు పెట్టి, దూరం జరిగి, పోలీసులకు చెప్పండి. గనుల దగ్గర మగ్గిన పాత డైనమైట్ కర్రలదీ అదే తీరు, చెమట పట్టినట్టు తడిగా కనిపిస్తే మరీ ప్రమాదం.

పాత గనివాళ్ళు బంగారాన్ని పట్టడానికి పాదరసం వాడేవారు. అందుకే ఒక్కోసారి వెండిలా తెల్లగా మెరిసే రేణువు దొరుకుతుంది. పొయ్యి మీద వేడిచేస్తే తెలుపు పోయి పసుపు తేలుతుందని ఎవరో చెబుతారు. తేలుతుంది, ఆ ఆవిరి మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూత బిగించిన సీసాలో పెట్టి తెలిసినవాళ్ళకు అప్పజెప్పండి. పలుగురాయిని కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం సంగతీ అంతే. రేణువుకు రాయి అతుక్కుని ఉంటే ఉండనివ్వండి, అందంగానే ఉంటుంది.

మనుషులు కూడా ఉన్నారు. దారిన పోయేవాళ్ళు ఆగి "ఏమ్మా, లంకెబిందెలు దొరికాయా?" అని అడుగుతారు. నేను మేకుల డబ్బా మూత తీసి చూపిస్తాను. జాలిపడి వెళ్ళిపోతారు. ఇంతవరకు ఆ డబ్బా నన్ను కాపాడినంతగా ఏ పరికరమూ కాపాడలేదు.

అది బంగారమేనా

మట్టిలో తళతళలాడేవి మూడు వంతులు కాకిబంగారం. అభ్రకపు పొర గోటితో విడిపోతుంది. పసుపు పైరైట్ సూదితో పొడిస్తే పొడిపొడిగా రాలుతుంది, గరుకు పింగాణీ మీద గీస్తే నల్లటి గీత పడుతుంది. బంగారం సూదికి సొట్టపడుతుంది, పగలదు. గీత పసుపే. ఇంకో గుర్తు: నీడలో పెట్టి తిప్పినా బంగారం రంగు మారదు, పైరైట్ వెలుగు పడితేనే మెరుస్తుంది.

కాస్త పెద్దదైతే నీటి లెక్క వేయొచ్చు. ముందు గాలిలో తూచండి. తర్వాత త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేసి, రేణువును దారానికి కట్టి, అడుగు తాకకుండా నీళ్ళలో వేలాడదీయండి. త్రాసు ఎంత చూపిస్తే దాంతో మొదటి బరువును భాగించండి. 5.79 గ్రాముల ముక్క నీళ్ళలో 0.30 చూపిస్తే, భాగహారం 19.3, మేలిమి. నేలలో దొరికేదానిలో వెండి కొంత కలిసి ఉంటుంది కాబట్టి పదిహేనుకు పైన ఏది వచ్చినా సంతోషించండి. పదకొండు వస్తే సీసం. ఐదు వస్తే పైరైట్. పలుగురాయి అతుక్కుని ఉంటే లెక్క తగ్గుతుంది, దిగులు పడొద్దు. మరీ చిన్నవాటికి ఈ త్రాసు పనికిరాదు, సూదే దిక్కు.

చిన్న గాజుసీసాలో నీళ్ళు పోసి, దొరికినది దొరికినట్టే అందులో వేసి మూత బిగించండి. జేబులో వేయొద్దు, రుమాల్లో కట్టొద్దు, "ఇదిగో చూడు" అంటూ ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. మూడోది నేను చేశాను. ఏడో రేణువు, 0.2 గ్రాములు, చూడటానికి గురివింద గింజలో సగమంత కూడా లేదు. తమ్ముడి అరచేతిలో పెట్టాను. వాడు వెలుగులోకి ఎత్తి చూస్తూ తుమ్మాడు.

"ఒరేయ్, కదలకు!" అన్నాను. వాడు అప్పటికే రెండడుగులు వెనక్కి వేశాడు. ముందురోజు వాన పడి నేలంతా బురద. వాడు నిలబడిన చోటు చుట్టూ నలభై నిమిషాలు ఊపాను. ఒక సీసపు గుండు, ఒక బూటు మేకు. కాయిల్ వాడి పాదం దగ్గరకు వచ్చినప్పుడల్లా పలుకుతోంది, నేను పట్టించుకోలేదు. బూట్లు పలుకుతాయని మొదటి రోజే నేర్చుకున్నానుగా. చీకటి పడేవేళకు వాడే అన్నాడు, "అక్కా, నావి రబ్బరు బూట్లు, ఇనుము లేదు కదా" అని. కాలెత్తితే మడమ కింద బురదలో ఉంది.

ఆ రెండు గోతులనూ పద్దులో రాశాను. పోగొట్టుకుని మళ్ళీ వెతికి పట్టాం కాబట్టి దాన్ని రెండుసార్లు రాసి మొత్తం ఎనిమిది చేయమంటాడు తమ్ముడు. ఏడే రాశాను.